పసిబిడ్డ నోరు మూసుకుంటదా?

బిడ్డల్లాగా నమ్మండి అనే మాట మా పల్లె చర్చిలో విన్నన్నిసార్లు నేను ఇంకే మాటా విని ఉండను. వానలు పడకపోయినా ఈ మాటే. కూలి దగ్గర ఊరితో తగాదా వచ్చినా ఈ మాటే. ఎవరింట్లోనన్నా పురిట్లో బిడ్డ పోయినా ఈ మాటే. బిడ్డ తండ్రిని ఎందుకని అడగడు, చెయ్యి పట్టుకొని ఎటు తీసకపోతే అటు వస్తాడు, పెట్టింది తింటాడు, మీరూ అట్లాగే ఉండండి అని చెప్పేవాళ్లు. దానికి మత్తయి సువార్త 18వ అధ్యాయం తీసేవాళ్లు. మనుషులు మారి చిన్నపిల్లల్లాంటి వాళ్లయితే తప్ప పరలోకరాజ్యంలో అడుగు పెట్టలేరని యేసు చెప్పింది అక్కడే.

ఆ మాటని నేను కాదనటం లేదు. యేసు చెప్పాడు గనక అది నాకు ముఖ్యమైన మాటే. నా పేచీ ఒక్కటే. తరతరాలుగా ఎవరినైతే పెద్దవాళ్లు కానివ్వలేదో వాళ్లనే పట్టుకొని పిల్లల్లాగా ఉండండి అంటే ఏంటి అర్థం? వంగి ఉన్నవాణ్ణి ఇంకాస్త వంగమనటమా? లేక అందులో మాకు వేరే సంగతేమన్నా ఉందా? చాలా ఏళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. మా తాత చెప్పులు కుట్టాడు, కపిలికి తోలుబాన కట్టాడు, డప్పు కొట్టాడు. మా నాయన కాలానికి కరెంటు మోటార్లొచ్చి బానలు పోయినయ్, దుకాణం చెప్పులొచ్చి కుట్టుపని పోయింది. మా నాయన ఊళ్లో ఒక ఆసామి దగ్గర పాలేరుగా కుదిరాడు. ఏడాదికిన్ని బస్తాలని జీతం. ఆసామికి ఎనిమిదేళ్ల కొడుకు ఉండేవాడు. నలభై దాటిన మా నాయన్ని వాడు 'ఒరే' అని పిలిచేవాడు. మా నాయన వాణ్ణి 'అబ్బాయిగారూ' అని పిలిచేవాడు. గొడ్లచావిట్లో నిలబడి నేను ఈ పిలుపులు విన్నాను. ఆ పిల్లోడి మీద నాకిప్పుడు కోపమేం లేదు. వాడికి ఇంట్లో నేర్పింది అది.

మా పెద్దన్నకి ఏడేళ్లు రాగానే గొడ్ల ఎంబడి పంపించారు. మా అక్కకి మమ్మల్ని ఎత్తుకోవటం తోనే చిన్నతనం అయిపోయింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది గానీ మా పల్లెకి నడిచి రావటానికి దానికి చాలా కాలం పట్టింది. పుస్తకాల్లో పిల్లలంటే ఆటలు, అలకలు, తాయిలాలు. మా ఇళ్లల్లో పిల్లలకి పిల్లతనం లేదు, పెద్దలకి పెద్దరికం లేదు. ఏడేళ్లోడు పెద్దోడి పని చేయాలి. అరవయ్యేళ్లోడు ఊరి ముందు కుర్రోడిలాగా నిలబడాలి. మరి ఆదివారం పొద్దున చర్చికి పోతే అక్కడ కూడా పిల్లల్లాగా ఉండమనే చెప్పారు.

బడి సంగతి కూడా చెప్పాలి. నన్ను ఒకటో తరగతిలో చేర్చటానికి తీసకపోతూ మా అమ్మ దోవలో చెప్పింది: "బళ్లో ఏ దేవుడని అడిగితే యేసుప్రభువని చెప్పబాక. అయ్యవారు ఏం రాస్తే అది రాయనీ." చర్చి రిజిస్టర్లో నాకొక బైబిలు పేరుంది. బడి రిజిస్టర్లో మా తాత పేరు ఎక్కింది. మతం గడిలో హిందూ అని పడింది. ఎందుకో నాకు అప్పుడు తెలవదు. తర్వాత తెలిసింది. 1950లో రాష్ట్రపతి ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం వాడు కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని ఆ ఉత్తర్వులోకి తీసుకున్నారు. క్రైస్తవుల్ని తీసుకోలేదు. క్రైస్తవంలోకి పోయిన ఎస్సీలకి మన దగ్గర బి.సి. 'సి' గ్రూపు, ఒక్క శాతం. ఊళ్లో టీకొట్టు దగ్గర గ్లాసు విడిగా పెట్టేవాడు మాత్రం నీది ఏ చర్చి అని అడగలేదు.

పిల్లలు నిష్కపటంగా ఉంటారు, మనసులో ఉన్నది దాచుకోరు, అందుకే యేసు వాళ్లని చూపించాడు అని సండేస్కూల్లో చెప్పేవాళ్లు. ఆరేళ్లకే దేవుడి పేరు దాచుకోవటం నేర్చుకున్న పిల్లలకి ఆ పాఠం చెప్పేవాళ్లు. మా అమ్మని నేను తప్పు పట్టను. బిడ్డకి చదువు కావాలా, నిష్కపటం కావాలా అని ఏ తల్లినీ అడగకూడదు. ఆ ప్రశ్న ఆమె ముందు పెట్టిన చట్టాన్ని అడగాలి.

ఇక మా తాతముత్తాతల విశ్వాసం సంగతి. వాళ్ల గురించి రెండు రకాలుగా రాశారు. మిషనరీల రాతల్లో వాళ్లు తరచుగా ఏమీ తెలియని అమాయకపు బిడ్డలు. పెద్దకులాల మాటల్లో బువ్వ కోసం మతం మారినోళ్లు. రెండిట్లోనూ వాళ్లకి సొంత బుర్ర ఉన్నట్టు కనపడదు. ఒంగోలు చరిత్ర చూస్తే వేరే మనుషులు కనపడతారు. 1866లో జాన్ క్లౌ దొర దగ్గర బాప్తీస్మం తీసుకున్న ఎర్రగుంట్ల పేరయ్య మాదిగవాడు. ఆయన అంతకుముందే గురువుల దగ్గర యోగమార్గం నేర్చుకున్నవాడు. వెతికి, తూచి చూసుకొని వచ్చిన మనిషి.

తర్వాత 1876-78 కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో కొంత తవ్వకం కంట్రాక్టుకి తీసుకొని కరువు జనానికి పని పెట్టాడు. తిండి కోసం వస్తారేమోనని ఆ కరువు కాలంలో ఏడాదికి పైగా ఎవరికీ బాప్తీస్మం ఇవ్వలేదు. తర్వాత 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తీస్మం తీసుకున్నారు. విశ్వాసంలోకి వచ్చినవాళ్లకి మూడు నియమాలు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. వినటానికి ఇవి చిన్న సంగతులు. కానీ ఆదివారం రాను అని మాదిగోడు ఆసామితో అనటం, జాతరకి డప్పు కొట్టను అని ఊరితో అనటం అప్పటిదాకా లేదు. అన్నందుకు దెబ్బలు తిన్నారు, బావులు, దోవలు మూయించుకున్నారు. చెప్పినట్టల్లా వినే పిల్లలు చేసే పనులా ఇవి? వాళ్ల విశ్వాసం 'రాను', 'కొట్టను', 'తినను' అనే మాటలతో మొదలైంది.

ఆ మాటలన్న వాళ్ల మనవలకి చర్చిలో నోరు మూసుకోవటం ఎప్పుడు నేర్పారో నాకు తెలవదు. నేను చూసేనాటికి నేర్పేశారు.

1985 జులైలో కారంచేడు జరిగింది. మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర గొడ్ల కుడితి తొట్టి కడుగుతుంటే వద్దని ముందు అన్నది కత్తి చంద్రయ్య అనే కుర్రవాడు. వాణ్ణి కొడుతుంటే నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త అడ్డం పోయింది. ఆమె మీదికి కూడా వస్తే చేతిలో ఉన్న బిందె ఎత్తింది. తెల్లారి, జులై 17న, పల్లె మీద పడి ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగతావాళ్లు చీరాల పారిపోయారు. ఆమె పేరు సువార్త అని తెలిసినప్పుడు మా అవ్వ చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఆ తర్వాతి ఆదివారం మా చర్చి నిండిపోయింది. చర్చికి రానివాళ్లు కూడా వచ్చారు. ఏదో ఒక మాట కావాలి జనానికి. అయ్యగారు మత్తయి 18 తీశాడు. పసిబిడ్డలకి పగ ఉండదు, బిడ్డ అన్నీ తండ్రికి వదిలేస్తాడు, మనం కూడా మాట్లాడకుండా తండ్రికి వదిలేద్దాం అన్నాడు. ఆయన చెడ్డమనిషి కాదు. సైకిలేసుకొని ఊరి మధ్యలోంచి నాలుగు పల్లెలు తిరగాల్సినవాడు. ఆయనకూ పిల్లలున్నారు. ఆయన భయం నాకిప్పుడు అర్థమవుతుంది.

మా అవ్వ ఆడవాళ్ల చాపల మీద ముందు వరసలో కూర్చునేది. చదువు రాదు. కూర్చున్నచోటునించే అడిగింది:

"అయ్యగారూ, పసిబిడ్డ నోరు మూసుకుంటదా? ఆకలైతే ఇల్లు లేపుద్ది. చీమ కుట్టినా లేపుద్ది. మీ ఇంట్లో బిడ్డలు ఏడవరా?"

ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. తర్వాత ఎవరూ నవ్వలేదు. అయ్యగారు పాట ఎత్తించాడు. కూడిక అయిపోయింది.

నాకప్పుడు పన్నెండేళ్లు. మా అవ్వ పరువు తీసిందని మా నాయన ఇంటికొచ్చి కేకలేశాడు. "ఏం పరువురా," అంది అవ్వ, "అడిగితే పోయే పరువు ఉంటే ఎంత, పోతే ఎంత." ఆమె అన్నది ఎదురుమాట అనుకున్నారు అందరూ. అది వ్యాఖ్యానం. బైబిలు కాలేజీలో చదివినవాళ్ల దగ్గర కూడా ఆ అధ్యాయం మీద అంత సూటి వ్యాఖ్యానం నేను వినలేదు.

పెద్దయ్యాక ఆ అధ్యాయాన్ని, మార్కు తొమ్మిదో అధ్యాయంలో అదే కథని పక్కపక్కన పెట్టుకొని చదివాను. యేసు ఆ మాట అన్నది ఎప్పుడు? శిష్యులు కపెర్నహూముకి పోయే దోవలో మనలో ఎవరు గొప్ప అని వాదులాడుకున్నారు. ఇంట్లోకి పోయాక ఆయన అడిగితే సిగ్గుపడి ఊరుకున్నారు. అప్పుడు ఒక పిల్లాణ్ణి పిలిచి మధ్యలో నిలబెట్టాడు. అంటే ఆ మాట కుర్చీ కోసం కొట్లాడుకుంటున్న వాళ్లకి చెప్పింది. చావిట్లో నిలబడ్డ మా నాయనకి చెప్పింది కాదు.

ఆ కాలంలో పిల్లాడంటే ఇప్పటిలాగా ముద్దు చేసే వస్తువు కాదు. రోమా చట్టంలో పుట్టిన బిడ్డని పెంచాలో పారేయాలో తండ్రి ఇష్టం. గ్రీకులో పాయిస్ అనే మాటకి బిడ్డ అనీ అర్థమే, దాసుడు అనీ అర్థమే. మత్తయి వాడిన పైదియోన్ అనే మాట దాన్నించి పుట్టిందే. యేసు మాట్లాడిన అరమాయిక్‌లో తల్యా అనే మాటకి కూడా ఈ రెండర్థాలూ ఉన్నాయి. మనకిది విచిత్రం కాదు. మన దగ్గర టీకొట్లో పనిచేసే యాభయ్యేళ్లోడు కూడా కుర్రాడే. 'ఒరే' అని ఎవర్ని పిలుస్తారో వాళ్లు వయసుతో పనిలేకుండా పిల్లలే. కాబట్టి యేసు మధ్యలో నిలబెట్టింది అమాయకత్వాన్ని అని నేను అనుకోను. ఆ ఇంట్లో 'ఒరే' అని పిలిపించుకునేవాణ్ణి పిలిచి నిలబెట్టాడు. పెద్దల్ని అతని ఎత్తుకి దిగి రమ్మన్నాడు.

సువార్తల్లో పిల్లలు ఎక్కడ కనపడినా నెమ్మదిగా ఉండరు. దీవించమని పిల్లల్ని తెస్తే శిష్యులు కసిరారు. యేసుకి కోపమొచ్చింది పిల్లల మీద కాదు, కసిరినవాళ్ల మీద. దేవాలయంలో పిల్లలు హోసన్నా అని కేకలేస్తుంటే పెద్దయాజకులకి ఒళ్లు మండింది. ఆయన పిల్లల పక్షాన మాట్లాడాడు. మేము మట్టల ఆదివారం నాడు తాటాకులు పట్టుకొని వీధెంట అరుచుకుంటా పోయేది ఆ జ్ఞాపకంతోనే. ఆ ఒక్కరోజు తప్ప మిగతా ఏడాదంతా పిల్లల్లాగా నోరు మూసుకోమంటారు.

ఇంకొకామె ఉంది. సురోఫెనికయ స్త్రీ. కూతురు జబ్బుతో ఉందని వచ్చింది. పిల్లల రొట్టె తీసి కుక్కపిల్లలకి వేయటం సరికాదని యేసే అన్నాడు. ఆ చోటు చదివినప్పుడల్లా మా వాళ్లకి గొంతులో ఏదో అడ్డం పడుతుంది, అది మేము ఎరిగిన మాట గనక. ఆమె బిడ్డల లెక్కలో లేదు. అయినా తిరిగి పోలేదు. బల్ల కింద పడే ముక్కలు కుక్కపిల్లలు కూడా తింటాయి గదా అని ఎదురు వాదించింది. బిడ్డల వాటా బిడ్డకి దక్కించుకొని పోయింది. మత్తయి ఈ కథ చెప్తూ ఆమె విశ్వాసం గొప్పదని యేసే ఒప్పుకున్నాడని రాశాడు. ఎదురు వాదించటానికి విశ్వాసం అని పేరు పెట్టిన చోటు అది.

యేసు తానే బిడ్డగా ఎట్లా ఉన్నాడు? గెత్సేమనే తోటలో తండ్రిని అబ్బా అని పిలిచాడు. మార్కు ఆ అరమాయిక్ మాటని అట్లాగే ఉంచాడు. తెలుగులో కూడా అబ్బ అంటే తండ్రే. మేము ఆ మాట ఎక్కువగా విన్నది తిట్టులో, కల్లంలో ఆసామి నోట. ఆ తిట్టులో మా తండ్రులుండేవాళ్లు. ఆ మాటతోనే యేసు దేవుణ్ణి పిలిచి, ఈ గిన్నె నాకొద్దు, తీసెయ్యి అని అడిగాడు. తర్వాత సరే నీ ఇష్టం అన్నాడు. కానీ ముందు అడిగాడు. సిలువ మీద నన్నెందుకు వదిలేశావని కూడా అడిగాడు. బిడ్డ ఎందుకని అడగడు అని చెప్పేవాళ్లు ఈ రెండు చోట్లూ దాటేసి పోవాలి.

అయితే అడగటం ఒక్కటే విశ్వాసమా, నమ్మకం అక్కర్లేదా అంటారు. నాట్లకి పోయే మా ఆడవాళ్లు గట్టున చెట్టుకి చీర ఉయ్యాల కట్టి బిడ్డని పడుకోబెడతారు. బిడ్డ లేచి ఏడుస్తది. మడిలోంచి తల్లి కేకేస్తది. ముఠామేస్త్రి పోనిచ్చేదాకా పోవటానికి లేదు. చాలాసేపు ఎవరూ రాకపోతే బిడ్డ ఏడుపు ఆపేస్తది. ఊరుకుందిలే అని మేస్త్రి అనుకుంటాడు. తల్లికి మాత్రం ఆ నిశ్శబ్దం ఏడుపుకన్నా ఎక్కువ భయం. బిడ్డ ఏడ్చేది వినేవాళ్లున్నారనే నమ్మకంతో. ఆ నమ్మకం పోయిన రోజు నోరు మూసుకుంటది. మాట్లాడకుండా పడి ఉండటాన్ని విశ్వాసం అనుకునేవాళ్లు ఈ మేస్త్రిలాంటి వాళ్లే.

మా అవ్వ ప్రార్థన అట్లా ఉండేది. రాత్రి దీపం తగ్గించి గోడకి ఆనుకొని మాట్లాడేది. "ఏమయ్యా యేసయ్యా, పొయ్యి మీదికి గింజ లేదు, నీకు కనపడ్డంలా? నిన్న అడిగా, మొన్న అడిగా. రేపూ అడుగుతా, ఏమనుకోబాక." దేవుడితో ఆమెకి తగాదాలుండేవి. నెలల తరబడి సాగేవి. కానీ మాట మానుకోవటం ఉండేది కాదు. ఊళ్లో ఎవరి ముందూ అట్లా మాట్లాడే స్వతంత్రం లేని మనిషి, లోకాన్ని చేసినవాడి ముందు గట్టిగా మాట్లాడేది. ఆ ఒక్క చోట ఆమె బిడ్డ. దానివల్ల మిగతా చోట్ల బిడ్డ కాకుండా ఉండగలిగింది. అయ్యగారిని ప్రశ్న అడిగే ధైర్యం ఆమెకి అక్కణ్ణించే వచ్చిందని నా నమ్మకం.

పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరంలో దీన్నే మరోవైపునించి చెప్పాడు. చెడ్డపని దగ్గర పసివాళ్లుగా ఉండండి గానీ, ఆలోచన దగ్గర ఎదిగినవాళ్లుగా ఉండండి అని ఆ మాటల సారం. ఇది మా పల్లెల్లో ఎక్కువగా బోధించరు. ఇవాళ మైకులు పెట్టి స్వస్థత సభలు నడిపేవాళ్లు కొందరు పిల్లల్లాగా నమ్మండి అనే అంటున్నారు. అని నూనె సీసా అమ్ముతారు, మందులు మానమంటారు, కూలి డబ్బుల్లో కానుక ఎంతో వాళ్లే చెప్తారు. షుగరు బిళ్లలు మానేసి కాలు పోగొట్టుకున్న మనిషిని నేనెరుగుదును. పెద్దల లెక్కలు వేసుకునేవాళ్లు ఎదుటివాళ్లని పిల్లల్లాగా ఉండమంటే అది దోపిడీ. ఆసామి చేసింది ఇదే, ఇంకో వేషంలో.

మా సంగతి కూడా చెప్పుకోవాలి. మాలో కొందరికి ఉద్యోగాలొచ్చినయ్, పెంకుటింటి చర్చి పోయి స్లాబు చర్చి వచ్చింది. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలొచ్చినయ్. ఉద్యోగస్తులు, సంఘ పెద్దలు వాటి మీద కూర్చుంటారు. మా అవ్వలాంటి ముసలాళ్లు ఇంకా చాపల మీదే. ఆడవాళ్లు చర్చి ఊడవచ్చు, కానుక వేయొచ్చు, లెక్క అడిగితే మాత్రం గొణుగుతారు. మాలల చర్చికి మాదిగలు, మాదిగల చర్చికి మాలలు పోని ఊళ్లు ఎన్నో ఉన్నాయి. మా నాయనకి చెప్పాల్సిన పనిలేని ఆ మాట, ఇవాళ ఆ కుర్చీల్లో కూర్చున్న మాకు చెప్పాల్సిన మాటే. కపెర్నహూము దోవలో తగాదా పడ్డవాళ్ల పక్కన మేమూ చేరాం. మధ్యలో ఎవర్ని నిలబెడతారో చూసి దిగి రావాల్సింది ఇప్పుడు మేము.

కాబట్టి ఆ వాక్యాన్ని నేను వదులుకోను. మా నాయన్ని కుర్రాణ్ణి చేసినవాళ్లకీ, ఆ కుర్రతనాన్ని భక్తి అని పొగిడినవాళ్లకీ దాన్ని అప్పజెప్పను. మనిషి ముందు బిడ్డలాగా నిలబడక్కర్లేదు, దేవుడి ముందు నిలబడితే చాలు. అక్కడైనా నోరు తెరిచే నిలబడాలి. ఇకనుంచి ఎవరన్నా మైకు పట్టుకొని పిల్లల్లాగా ఉండండి అని మా పల్లెకి చెప్పటానికొస్తే, కూర్చున్నచోటునించే ఒక ప్రశ్న అడగండి: అయ్యగారూ, మరి మీరు ఎవరి ముందు పిల్లలు?